శుక్రవారం చర్చికి ఎందుకు వెళ్తారు?

కువైట్‌లో తెలుగు క్రైస్తవులకు ఆదివారం రెండు రోజులు ముందే వచ్చేస్తుంది. ఇక్కడ ఆదివారం ఆఫీసులు, బడులు, దుకాణాలు అన్నీ నడుస్తాయి. వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. పిల్లల సండే స్కూలు సైతం శుక్రవారమే జరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు రెండు మూడు వారాలు ఈ మాటకు నవ్వుకుంటారు. తర్వాత అలవాటైపోతుంది.

ఆరు రోజులు డ్యూటీ చేసి, ఏడో రోజు కడుపునిండా నిద్రపోవాల్సిన మనిషి పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. నలుగురైదుగురు కలిసి ఒక బండి మాట్లాడుకుని సిటీకి బయల్దేరతారు. ఎండ 50 డిగ్రీలకు చేరే నెలల్లో కూడా ఈ ప్రయాణం ఆగదు. గదిలో మంచం దిగని తోటివాళ్లు ‘భక్తి కోసమా, భోజనం కోసమా?’ అని ఎకసెక్కం ఆడతారు.

నవ్వులాటకు అడిగినా అది చిన్న ప్రశ్న కాదు. సొంతూళ్లో ఆదివారం చర్చి వైపు చూడనివాళ్లు సైతం ఇక్కడికి వచ్చాక శుక్రవారం తప్పరు. హిందూ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లూ వెనక వరుసల్లో కూర్చుని కనిపిస్తారు. వీళ్లందరినీ అక్కడికి రప్పిస్తున్నది ఏమిటి? కారణం ఫలానాదే అయి ఉండాలని అడిగే హక్కు ఎవరికైనా ఉందా?

ఒక ప్రాంగణం, ఎన్నో భాషలు

కువైట్ సిటీలో సముద్రానికి దగ్గర్లో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణం ఉంది. దాని మూలాలు అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన అరేబియన్ మిషన్‌లో ఉన్నాయి. 1889లో మొదలైన ఆ మిషన్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో డాక్టర్లను కువైట్‌కు పంపింది. అప్పటికింకా ఇక్కడ చమురు సంపద లేదు. ముత్యాల వేట, పడవల వ్యాపారమే బతుకుతెరువు. ఆ డాక్టర్లు పెట్టిన ఆసుపత్రి భవనం ఇప్పుడు ‘అమ్రికానీ’ సాంస్కృతిక కేంద్రంగా మారింది. చర్చిని 1931లో కట్టారు. 1999లో కువైట్ పౌరుడైన ఇమ్మాన్యుయేల్ ఘరీబ్ అక్కడ పాస్టర్‌గా అభిషేకం పొందారు. కువైట్ పౌరుల్లో ఆ బాధ్యత తీసుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

ఈ ఒక్క ప్రాంగణాన్ని పదుల సంఖ్యలో సంఘాలు పంచుకుంటాయి. అరబిక్, ఇంగ్లిష్, మలయాళం, తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషలు. హాళ్లను వంతులవారీగా వాడుకోవాలి కాబట్టి ఒకరి ఆరాధన ముగిసేసరికి మరొకరు తలుపు దగ్గర ఎదురుచూస్తుంటారు. టైము దాటకూడదు. అందుకే ముగింపు ప్రార్థన అయ్యాక అసలు కబుర్లన్నీ బయట, గోడల నీడన మొదలవుతాయి. ఇక్కడ చోటు చాలక అబ్బాసియా, ఫర్వానియా, మంగాఫ్ లాంటి చోట్ల ఫ్లాట్లలో కలుసుకునే చిన్న కూడికలు కూడా ఉన్నాయి.

గల్ఫ్‌లో మిగతా చోట్లా దాదాపు ఇదే తీరు. దుబాయ్‌లోని ఊద్ మేథాలో రాజకుటుంబం ఇచ్చిన స్థలంలో సెయింట్ మేరీస్ క్యాథలిక్ చర్చి 1967లో వెలిసింది. ఆ పక్కనే హోలీ ట్రినిటీ చర్చి ఉంది. దోహాలో చర్చిలన్నింటికీ ఊరి అంచున ఒకే ప్రాంగణం కేటాయించారు. అక్కడి క్యాథలిక్ చర్చి 2008లో ప్రారంభమైంది. యూఏఈ ప్రభుత్వం 2022 జనవరి నుంచి వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చింది. అయినా శుక్రవారమే సెలవు దొరికే ప్రైవేటు ఉద్యోగులు, కూలీలు చాలామంది ఉండడంతో అక్కడి చర్చిల్లో శుక్రవారం రద్దీ పోలేదు. సెలవు ఏ రోజు దొరికితే ఆ రోజే ప్రభువు దినం.

వారమంతా అరబీ, ఒక్కపూట తెలుగు

ఎందుకు వస్తారని అడిగితే ఎక్కువమంది మొదట చెప్పే మాట ‘దేవుని కోసం’ అనే. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట వెనక ఇంకో నాలుగు మాటలు ఉంటాయి. వాటిలో మొదటిది భాష.

కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లలో రాజంపేట, రాయచోటి, కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఆడవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో పనిచేస్తారు. మగవాళ్లు డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, మేస్త్రీలుగా ఉంటారు. ఇంట్లో పనిచేసే మనిషికి వారమంతా వినిపించేది అరబీ. మామా పిలిస్తే అరబీలో పలకాలి, పిల్లలు ఏడిస్తే అరబీలో ఊరుకోబెట్టాలి. తోటి పనిమనిషి ఫిలిప్పీన్స్ ఆవిడో, శ్రీలంక ఆవిడో అయితే వచ్చీరాని అరబీలోనే కష్టసుఖాలు. అలాంటి మనిషికి మైకులో ‘అందరూ లేచి నిలబడండి’ అని తెలుగులో వినిపిస్తే ఆ ఒక్క మాటకే కళ్లు చెమర్చుతాయి.

పాటలు మొదలైతే ఇక చెప్పనక్కర్లేదు. తెలుగు క్రైస్తవులకు కీర్తన అంటే పుస్తకం చూసి పాడేది కాదు, అమ్మ నోటి నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివారు కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి, అచ్చులో కన్నా నోళ్లలోనే ఎక్కువగా బతికాయి. చదువు రాని అవ్వ కూడా ఆరేడు చరణాలు తడుముకోకుండా పాడేస్తుంది. ఆ పాట ఇక్కడ డోలక్ మీద వినిపించినప్పుడు మనిషి కువైట్‌లో ఉన్నట్టుండదు. అది భక్తా, ఊరి మీద బెంగా అని విడదీసి చెప్పమంటే ఎవరివల్లా కాదు.

విన్నపాలే వార్తలు

ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివే కొద్ది నిమిషాలూ జాగ్రత్తగా వింటే గల్ఫ్ తెలుగువాళ్ల బతుకంతా అందులో ఉంటుంది. అకామా రెన్యువల్ కావాలి. కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వడం లేదు. రెండు నెలల జీతం రాలేదు. ఊళ్లో తండ్రికి డయాలసిస్. కూతురికి సంబంధం కుదిరింది, కట్నం డబ్బు సర్దుబాటు కాలేదు. మొగుడు తాగుడు మానాలి.

ఇవి దేవుడికి చెప్పుకునే మాటలే. అదే సమయంలో నలుగురికీ తెలిసే మాటలు కూడా. చీటీ చదవడం అయ్యాక బయట ఎవరో ఒకరు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తారు. ఎంబసీలో ఏ కౌంటర్ దగ్గరికి వెళ్లాలో ఒకరు చెబుతారు. జీతం ఆపితే కేసు ఎక్కడ వేయాలో తెలిసిన అన్న ఫోన్ నంబర్ ఇంకొకరు ఇస్తారు. ఎవరైనా చనిపోతే శవపేటికకు, టికెట్టుకు చందా వేసుకునేది కూడా తరచుగా ఇలాంటి చోటే. విమానంలో పెట్టె వెళ్లేదాకా కాగితాల వెంట తిరిగేవాళ్లు ఒకరిద్దరు ప్రతి సంఘంలోనూ ఉంటారు.

బెంగ ఉన్నవాడు పాట కోసం వస్తాడు, చిక్కులో ఉన్నవాడు దారి కోసం వస్తాడు. జబ్బు చేసినవాళ్లు ప్రార్థన చేయించుకోవడానికి వస్తారు. వారిలో క్రైస్తవులు కానివారూ ఉంటారు. ఊళ్లో మొక్కుకున్న చోటికి ఇక్కడినుంచి వెళ్లలేరు. తెలుగులో మాట్లాడి, పేరు పెట్టి ప్రార్థన చేసేవాళ్లు దొరికారంటే మతం అడ్డం రాదు. ఇక పెళ్లికాని కుర్రాళ్లలో సంబంధం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారు. ఆ మాట పెద్దలకు తెలియనిదేం కాదు, చూసీచూడనట్టు ఊరుకుంటారు.

పిల్లల్ని చూసి పెద్దలు

కుటుంబంతో ఉండేవాళ్ల కారణం వేరు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2018లో ఒక సర్వే ఫలితాలు ప్రకటించింది. నెలకు ఒక్కసారైనా ఏదో ఒక మతానికి చెందిన ప్రార్థనకు వెళ్లేవాళ్లను, అందుకు ముఖ్యమైన కారణాలేమిటని అడిగారు. దేవునికి దగ్గరవడానికని 81 శాతం మంది చెప్పారు. పిల్లలకు మంచి నడవడి అలవడాలని 69 శాతం, తాము మెరుగైన మనుషులం కావాలని 68 శాతం, కష్టంలో ఊరట కోసమని 66 శాతం మంది చెప్పారు. కొత్తవాళ్లను కలవడానికి అన్నవాళ్లు 19 శాతమే. ఒకే మనిషి నాలుగైదు కారణాలు చెప్పాడన్నది ఈ అంకెల్లోనే తెలుస్తోంది. మనిషి గుడికి గానీ, చర్చికి గానీ, మసీదుకు గానీ ఒక్క కారణంతో వెళ్లడు.

డల్లాస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా తెలుగు తల్లిదండ్రులకు ఆ 69 శాతం మాట బాగా అర్థమవుతుంది. ఇంట్లో తెలుగు వింటూ ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్లలకు, నలుగురు పెద్దల్ని ‘అంకుల్’ అని కాకుండా ‘బాబాయ్’, ‘పెద్దమ్మ’ అని పిలిచే చోటు కావాలి. సండే స్కూల్లో బైబిలు వచనం కంఠస్థం చేయించడానికి కొందరు టీచర్లు ముందు తెలుగు అక్షరాలు నేర్పుతారు. భక్తి పెద్దగా లేని తండ్రి కూడా పిల్లాడు క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం వేస్తున్నాడంటే మూడు వారాలు రిహార్సల్‌కు తీసుకొస్తాడు. అలా తీసుకొచ్చి తీసుకొచ్చి తనే కుర్చీలు సర్దే మనిషిగా మారిపోవడం చాలా సంఘాల్లో చూస్తున్నదే.

కరువు నాటి ప్రశ్న

‘భక్తి కోసమా, భోజనం కోసమా’ అనే ప్రశ్న కువైట్‌లో పుట్టింది కాదు. తెలుగు నేల మీద అది దాదాపు నూటయాభై ఏళ్ల కిందటిది. లాభం కోసం మతంలో చేరినవాళ్లను ‘బియ్యం క్రైస్తవులు’ అని ఎద్దేవా చేసే మాట ఇంగ్లిష్‌లో ఉండేది. ఆ మాట అంటుకుంటుందని అందరికన్నా ఎక్కువగా భయపడినవారిలో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒకరు.

1876-78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. పనికి వచ్చినవాళ్లలో బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆయన ఒప్పుకోలేదు. కూలి కోసం అడుగుతున్నారో, విశ్వాసంతో అడుగుతున్నారో తేలదు కాబట్టి సహాయం అందినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయ పనులు ముగిశాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని జనం వాళ్లు.

వాళ్లు ఎందుకు వచ్చారు? అన్నం పెట్టిన చెయ్యి మీద నమ్మకంతోనా, మనుషుల్లా చూశారనా, వాక్యం మనసుకు తగిలిందనా? ఈ ప్రశ్ననే 1930ల్లో మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ దేశమంతా తిరిగి అడిగించారు. తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. దాదాపు నాలుగు వేల మందిని ప్రశ్నించి, 1933లో పుస్తకం తెచ్చారు. వచ్చిన కారణాలను ఆయన నాలుగు రకాలుగా విడదీశారు. ఆత్మసంబంధమైనవి, లౌకికమైనవి, బంధువర్గం వల్ల కలిగినవి, క్రైస్తవ ఇంట్లో పుట్టడం వల్ల వచ్చినవి. ఆయన తేల్చిన విషయం నేటికీ పనికొస్తుంది. ఏ కారణంతో వచ్చారన్నదాని కన్నా, వచ్చాక వాళ్లకు దొరికిన బోధ, ఆరాధన, ఆదరణ ఎలాంటివన్నదే వాళ్ల తర్వాతి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించింది.

ఈ మాట శుక్రవారం సంఘాలకు అచ్చంగా సరిపోతుంది. భోజనం కోసం వచ్చినవాడు పాట నేర్చుకోవచ్చు. పాట కోసం వచ్చినావిడ రెండో ఏడు ఇంకొకరి అకామా కోసం ఎంబసీకి తోడు వెళ్లవచ్చు. భక్తితోనే వచ్చిన మనిషి కూడా ఏదో ఒక మాట పడి, మనసు విరిగి మానేయవచ్చు. వచ్చిన కారణం మొదటి రోజుది. ఉండిపోయే కారణాన్ని చుట్టూ ఉన్నవాళ్లు ఇస్తారు.

రాలేనివాళ్ల సంగతి

అసలు బాధ వచ్చినవాళ్ల గురించి కాదు, రావాలనుండీ రాలేనివాళ్ల గురించి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి శుక్రవారం సెలవు కాదు, ఇంటి నిండా చుట్టాలు వచ్చే రోజు. వంట రెండింతలు, గిన్నెలు మూడింతలు.

చట్టం వాళ్ల పక్షానే ఉంది. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో 68వ నంబర్ చట్టం వచ్చింది. వారానికి ఒకరోజు జీతంతో సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి 30 రోజుల సెలవు అందులో ఉన్నాయి. యూఏఈలోనూ 2017లో, మళ్లీ 2022లో ఇంటి పనివారికి చట్టాలు చేసి వారపు సెలవు ఇచ్చారు. కానీ నాలుగు గోడల మధ్య ఆ సెలవు అడగాల్సింది ఆ ఒక్క మనిషే. బయటికి పంపితే తిరిగి రాదేమోనని యజమానికి భయం. అడిగితే ఉన్న పని పోతుందేమోనని ఆమెకు భయం.

అందుకే నెలకో, రెండు నెలలకో ఒక శుక్రవారం బయటపడ్డావిడ కూడికకు వస్తే ఆమెకు ఆ పూట ఎన్నో పనులు. కీర్తన పాడాలి, బల్లలో పాలు పొందాలి, ఊరి మనిషిని కలవాలి, డబ్బు పంపాలి, ఫోన్ రీచార్జ్ చేయించాలి, కడుపునిండా తెలుగులో మాట్లాడాలి. ఇందులో ఏది భక్తి, ఏది కాదు అని కొలిచే తక్కెడ ఎవరి దగ్గర ఉంది?

కోవిడ్ రోజుల్లో చర్చిలు మూతపడినప్పుడు ఆరాధనలు ఫోన్లలోకి వచ్చాయి. మిగతావాళ్లకు అది తాత్కాలిక ఏర్పాటు. బయటికి రాలేని ఆడవాళ్లకు మాత్రం మొదటిసారి తలుపు తెరుచుకున్నట్టయింది. వంటింట్లో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, గిన్నెలు తోముతూ వాక్యం వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకే హాలు తెరిచాక కూడా కొన్ని సంఘాలు ఆ ప్రసారం ఆపలేదు. తెర మీద పేర్ల వరుసలో నిశ్శబ్దంగా ఉండే ఆ నంబర్లూ సంఘమే.

సంఘం చేయాల్సింది

ఇంత అవసరం ఉన్న చోట దుర్వినియోగం కూడా ఉంటుంది. చీటీల పేరుతో, వీసా ఇప్పిస్తామనే మాటతో, ప్రార్థన చేస్తే కేసు గెలుస్తుందనే హామీతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి గల్ఫ్ దేశంలోనూ ఉన్నారు. ఒంటరి మనిషి నమ్మకం తేలిగ్గా దొరుకుతుంది, అంతే తేలిగ్గా విరుగుతుంది. వచ్చినవాళ్ల ఉద్దేశాలను నిలదీసే ముందు పిలిచినవాళ్ల ఉద్దేశాలను అడగడం న్యాయం. కానుకల లెక్క అందరి ముందూ చదివే సంఘం, సలహా చెప్పి డబ్బు అడగని పెద్ద, ఒంటరిగా వచ్చిన ఆడపిల్లను సాయంత్రం ఇంటి గుమ్మం దాకా దింపి వచ్చే కుటుంబం ఉన్న చోట ఎవరు ఏ కారణంతో వచ్చినా నష్టపోరు.

చర్చికి వెళ్లని తెలుగు కుటుంబాలకు కూడా ఇందులో చేయదగ్గ పని ఒకటి ఉంది. గల్ఫ్‌లో స్థిరపడిన మన ఇళ్లలోనూ పనిమనుషులు ఉన్నారు. వాళ్లలో మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వారానికో రోజు సెలవు వాళ్లకు చట్టం ఇచ్చిన హక్కు. ఆ రోజు ఆమె చర్చికే వెళ్తుందా, గుడికా, దర్గాకా, చెల్లెలి గదికి వెళ్లి పడుకుంటుందా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న కాదు. శుక్రవారం పొద్దున ఆమె బయల్దేరేసరికి బస్సు ఛార్జీ చేతిలో పెట్టి, రాత్రి గిన్నెలు మనమే కడుక్కుంటే చాలు.